మెయిల్ సర్వర్‌కి ఫెయిల్‌టుబ్యాన్: కాపలా బాగుంది, కానీ సగమే

ఫెయిల్‌టుబ్యాన్‌కి పైసా కట్టక్కర్లేదు. సైన్ అప్ లేదు, డెమో ఇస్తామంటూ రోజూ ఫోన్ చేసే సేల్స్ కుర్రాడు లేడు. 2004లో సిరిల్ జాకియే మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఇది. పైథాన్‌లో రాశారు. లినక్స్ సర్వర్ నడిపేవాళ్లను ఎవరిని అడిగినా ముందు ఈ పేరే చెప్తారు. చేసే పని చిన్నది. సర్వర్ జరిగిందంతా రాసుకునే లాగ్ ఫైళ్లను చదువుతూ కూర్చుంటుంది. ఒకే ఐపీ అడ్రస్ నుంచి తప్పు పాస్‌వర్డ్‌లు వరసగా పడుతుంటే ఆ ఐపీని ఫైర్‌వాల్‌లో కొంతసేపు ఆపేస్తుంది. అంతే. మా ఆఫీసు మెయిల్ సర్వర్ మీద చాలాకాలంగా ఇదే నడుస్తోంది, నాకు నచ్చింది కూడా. కానీ దీన్ని పెట్టేసి "ఇంక మన మెయిల్ సేఫ్" అని చేతులు దులుపుకునేవాళ్లను చూస్తే టెన్షన్ వస్తుంది. ఈ రివ్యూ ఎక్కువగా వాళ్ల కోసమే.

మాది గుంటూరు. బాబాయ్‌ది ఎండుమిర్చి ఎగుమతి వ్యాపారం. ఆఫీసులో కంప్యూటర్లు, ప్రింటర్లు, జీఎస్టీ పోర్టల్‌తో పోట్లాట, మెయిల్ సర్వర్ అన్నీ నా నెత్తిన ఉంటాయి. సరుకు యార్డులో కొన్నా, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసినా, బేరం మాత్రం మెయిల్‌లోనే నడుస్తుంది. ఢాకా నుంచో కొలంబో నుంచో కొనేవాళ్లు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అడుగుతారు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవనే పత్రం) కాపీ అడుగుతారు, కంటైనర్ ఓడ ఎక్కిందా అని అడుగుతారు. డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో కూడా ఆ మెయిల్‌లోనే ఉంటుంది. మా గల్లాపెట్టె లోపలికన్నా మా ఇన్‌బాక్స్ లోపల ఎక్కువ డబ్బు తిరుగుతుందంటే అబద్ధం కాదు.

గూగుల్ వర్క్‌స్పేసో, జోహో మెయిలో తీసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే మాకు గుమస్తాలు, గోడౌన్ సూపర్‌వైజర్, షిప్పింగ్ చూసేవాళ్లు, ఎప్పుడో ఒకసారి తెరిచే పాత ఖాతాలు కలిపి చాలా మెయిల్‌బాక్సులున్నాయి. మనిషికి ఇంత, నెలకి ఇంత అని లెక్కకడితే బాబాయ్ ఒప్పుకోలేదు. అందుకని ఒక చిన్న అద్దె సర్వర్. దాని మీద డెబియన్ 12 అనే లినక్స్. మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్, పెట్టెలు చూసుకోవడానికి డవ్‌కాట్, బ్రౌజర్‌లో మెయిల్ చదవడానికి రౌండ్‌క్యూబ్. ఇలాంటి ఏర్పాటు చిన్న వ్యాపారాల్లో మామూలే. పెట్టినవాళ్లు వెళ్లిపోయాక ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడం కూడా మామూలే.

సర్వర్‌కి పబ్లిక్ ఐపీ ఇచ్చి, మెయిల్ పోర్టులు తెరిచారా, ఇంక చూడండి. మనం ఎవరమో, మిర్చి అమ్ముతామో మినుములు అమ్ముతామో తెలియని యంత్రాలు తలుపు తట్టడం మొదలుపెడతాయి. పోస్ట్‌ఫిక్స్ లాగ్ తెరిస్తే "సాసల్ లాగిన్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" (లాగిన్ కుదరలేదని అర్థం) అనే లైన్లు పేజీల కొద్దీ ఉంటాయి. చాలా లైన్ల చివర యూ, జీ, ఎఫ్ అని మొదలయ్యే అర్థంకాని అక్షరాల ముక్క ఒకటి కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఎవరో దొంగిలించిన పాస్‌వర్డ్ అనుకుని కంగారుపడతారు. అది "పాస్‌వర్డ్:" అనే మాటనే బేస్64 అనే అక్షరాల కోడ్‌లో రాసినది, సర్వర్ అడిగే ప్రశ్న, అంతకుమించి ఏమీ లేదు. డవ్‌కాట్ లాగ్‌లో "ఆథ్ ఫెయిల్డ్, 1 అటెంప్ట్స్ ఇన్ 2 సెకండ్స్" అని వరసగా కనిపిస్తుంది. ఆ రెండు సెకన్లు కూడా ఊరికే రాలేదు. తప్పు పాస్‌వర్డ్ వచ్చినప్పుడు జవాబివ్వడానికి డవ్‌కాట్ కావాలనే రెండు సెకన్లు ఆగుతుంది.

ఏ పేర్లతో ప్రయత్నిస్తారో చూస్తే నవ్వొస్తుంది. ఇన్ఫో, అడ్మిన్, సేల్స్, టెస్ట్, అకౌంట్స్, ఆఫీస్. మా డొమైన్ పేరునే యూజర్ నేమ్‌గా పెట్టి చూసేవాళ్లు కొందరు. మా దగ్గర ఎప్పుడూ లేని మనుషుల పేర్లు కొన్ని. వీటిలో తొంభై పాళ్లు చెత్తే. పట్టించుకోవాల్సింది నిజంగా ఉన్న ఖాతాల పేర్లతో వచ్చే ప్రయత్నాలు. మన వెబ్‌సైట్‌లో "సంప్రదించండి" పేజీలో ఏ మెయిల్ ఐడీ పెట్టామో, దానికే ఎక్కువ తాకిడి ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క కమాండు పని. ఆ తర్వాతే మెలిక. లాగ్‌లను ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ డెబియన్ 12లో ముందుగా ఉండదు, లాగ్‌లన్నీ సిస్టమ్‌డీ జర్నల్ అనే ఉమ్మడి చోటుకి వెళ్తాయి. ఫెయిల్‌టుబ్యాన్ ఏమో పాత అలవాటు ప్రకారం ఫైల్ కోసం వెతుకుతుంది. దొరకదు. ఒక్క జెయిల్‌కి (ఏ లాగ్ చూడాలి, ఎన్ని తప్పులకి ఆపాలి అని ఒక్కో సర్వీసుకి రాసే నియమాల కట్ట) లాగ్ ఫైల్ కనపడకపోయినా సర్వీసు మొత్తం పైకి లేవకుండా పడుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగ్ దొరకలేదని మెయిల్‌కి కూడా కాపలా లేకుండా పోవడం ఏం న్యాయం? లాగ్ ఎక్కడి నుంచి చదవాలో చెప్పే బ్యాకెండ్ అన్నచోట సిస్టమ్‌డీ అని రాస్తే సరిపోతుంది. రౌండ్‌క్యూబ్ మాత్రం తన లాగ్‌ని విడిగా ఫైల్‌లోనే రాసుకుంటుంది కాబట్టి దానికి ఫైల్ దారి సరిగ్గా ఇవ్వాలి. ఫైల్ పేరు చివర "లాగ్" అనే తోక ఉందో లేదో కూడా కళ్లతో చూసుకోవాలి. ఇంకో మాట: మార్పులు ఎప్పుడూ జెయిల్ డాట్ కాన్ఫ్‌లో చేయకండి, జెయిల్ డాట్ లోకల్ అని వేరే ఫైల్ పెట్టుకుని అందులో రాయండి. అప్‌డేట్ వచ్చినప్పుడు మొదటిది మారిపోతుంది, రెండోదాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఉండే లెక్క ఇది: పది నిమిషాల్లో ఐదు తప్పులు చేస్తే పది నిమిషాలు నిషేధం. మనుషులకి ఇది చాలు. యంత్రాలకి పది నిమిషాలు ఒక లెక్క కాదు, ఇంకో సర్వర్‌ని కొట్టి వస్తాయి. 0.11 వెర్షన్ నుంచి ఒక మంచి సదుపాయం ఉంది, మళ్లీ మళ్లీ దొరికే ఐపీకి నిషేధం ప్రతిసారీ రెట్టింపు అవుతూ పోతుంది. అది ఆన్ చేసుకోవాలి, దానంతటది ఆన్‌లో ఉండదు. పాత నేరాలు గుర్తుపెట్టుకునే డేటాబేస్‌ని మామూలుగా ఒక్క రోజుకే శుభ్రం చేసేస్తుంది కాబట్టి ఆ గడువు కూడా పెంచుకోవాలి. ఇది కాక రెసిడివ్ అని వేరే జెయిల్ ఉంది. ఫెయిల్‌టుబ్యాన్ తన లాగ్‌ని తానే చదువుకుని, ఒక్క రోజులో పలుమార్లు నిషేధం తిన్న ఐపీని వారం పాటు అన్ని పోర్టుల్లోనూ మూసేస్తుంది. నాకు ఈ ప్రోగ్రాంలో బాగా నచ్చింది అదే.

ఇప్పుడు వెబ్‌మెయిల్ సంగతి. చాలా ఆఫీసుల్లో బోల్తా పడేది ఇక్కడే. గుమస్తాగారు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టినప్పుడు డవ్‌కాట్ దగ్గరికి వెళ్లేది ఆయన కంప్యూటర్ కాదు, రౌండ్‌క్యూబ్. అది అదే సర్వర్ మీద ఉంది. కాబట్టి డవ్‌కాట్ లాగ్‌లో పడే ఐపీ 127.0.0.1. అంటే సర్వర్‌కి సర్వరే తప్పు పాస్‌వర్డ్ కొట్టినట్టు కనిపిస్తుంది! ఫెయిల్‌టుబ్యాన్ తన సొంత ఐపీని నిషేధించదు, అది మంచిదే. కానీ దాని ఫలితం ఏమిటంటే, డవ్‌కాట్ జెయిల్ ఎంత గట్టిగా పనిచేస్తున్నా, వెబ్‌మెయిల్ పేజీలో కూర్చుని రాత్రంతా పాస్‌వర్డ్‌లు కొట్టేవాణ్ణి అది అసలు చూడదు. రౌండ్‌క్యూబ్‌కి వేరే జెయిల్ ఉంది, రౌండ్‌క్యూబ్-ఆథ్ అని. లాగ్‌లో తప్పు లాగిన్ లైన్లను గుర్తుపట్టే ఫిల్టర్ ఫెయిల్‌టుబ్యాన్‌తో పాటే వస్తుంది, కానీ ఆన్ చేయాల్సింది మనమే. నేను చూసిన రెండుమూడు ఆఫీసుల సర్వర్లలో డవ్‌కాట్ జెయిల్ ఉంది, ఇది లేదు. ముందు తలుపుకి తాళం, పెరటి తలుపు బార్లా.

దీనికి తోడు, వెబ్‌మెయిల్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్రాక్సీ (మధ్యలో నిలబడి రాకపోకలు అందించే సర్వర్) పెట్టుకుంటే ఇంకో చిక్కు. లాగ్‌లో ప్రాక్సీ ఐపీ పడుతుంది. దాన్ని నిషేధిస్తే మన వాళ్లందరూ బయటే. అసలు ఐపీ లాగ్‌లో పడేలా వెబ్ సర్వర్‌లో సెట్ చేయాలి, రౌండ్‌క్యూబ్‌లో ప్రాక్సీ వైట్‌లిస్ట్, అంటే నమ్మదగిన ప్రాక్సీల జాబితా, నింపాలి. అంతా చేసినా మామూలు ఫైర్‌వాల్ నిషేధం అక్కడ పనికిరాదు, ఎందుకంటే కనెక్షన్ తెచ్చేది ప్రాక్సీయే. క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే ఆపించే యాక్షన్ (నిషేధం ఎలా వేయాలో చెప్పే ముక్క) ఒకటి విడిగా ఉంది, దాన్ని వాడాలి. డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి డబ్బాలో, మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకీ ఇలాంటి బాధే. నిషేధం ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ చైన్ అనే నియమాల వరసలో పడుతుంది, కంటైనర్‌కి వెళ్లే రాకపోకలు వేరే దారిన పోతాయి. స్టేటస్‌లో "బ్యాన్డ్" అని కనిపిస్తూనే ఉంటుంది, ఆ ఐపీ నుంచి ప్రయత్నాలు వస్తూనే ఉంటాయి. మా సర్వర్‌లో ఈ రెండూ లేవు, నాకు హాయి.

పోర్టుల సంగతి కూడా చెప్పాలి. ఒక్కో జెయిల్ తన పోర్టుల్నే మూస్తుంది. రౌండ్‌క్యూబ్ దగ్గర దొరికిన ఐపీకి వెబ్ పోర్టులు మూతపడతాయి కానీ ఐమ్యాప్ (ఫోన్‌లోని మెయిల్ యాప్‌లు మెయిల్ తెచ్చుకునే దారి) తెరిచే ఉంటుంది. నేను మెయిల్ జెయిల్స్ అన్నిటికీ అన్ని పోర్టులూ మూసే యాక్షన్ పెట్టేశాను. ఒకచోట దొంగైనవాడు ఇంకోచోట దొరబాబు అవుతాడా?

సరిగ్గా పనిచేస్తోందో లేదో ఊహించుకోనక్కర్లేదు. ఫెయిల్‌టుబ్యాన్-రీజెక్స్ అనే పనిముట్టు ఉంది. దానికి లాగ్ ఫైల్, ఫిల్టర్ పేరు ఇస్తే ఎన్ని లైన్లు ఫిల్టర్‌కి తగిలాయో, ఎన్ని తగల్లేదో లెక్క చెప్తుంది. రౌండ్‌క్యూబ్ కొత్త వెర్షన్‌కి మారిన ప్రతిసారీ ఇది నడుపుతాను. లాగ్ లైన్ రాసే పద్ధతి కొంచెం మారినా ఫిల్టర్ గుడ్డిదైపోతుంది, మనకేమో చెప్పదు. "నిషేధాలు సున్నా" అని కనిపిస్తే ఎవరూ రావడం లేదని సంతోషపడకండి. ఇంటర్నెట్‌లో మెయిల్ సర్వర్‌కి అది జరగని పని.

ఇంక మన వాళ్లే ఇరుక్కోవడం. గోడౌన్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మార్చుకుంటాడు, ఆయన పాత ఫోన్ ఏదో సొరుగులో చార్జింగ్‌లో ఉండి పాత పాస్‌వర్డ్‌తో ప్రతి కొన్ని నిమిషాలకీ తలుపు కొడుతూ ఉంటుంది. ఆఫీసు మొత్తానికి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ ఒకటే. ఫోన్ ఆఫీసు వైఫైలో ఉంటే ఆఫీసంతా నిషేధం. మొబైల్ డేటాలో అయితే ఇంకో రకం తంటా. ఐపీవీ4లో మొబైల్ నెట్‌వర్క్‌లు ఒకే ఐపీని ఎంతోమందికి కలిపి ఇస్తాయి, కాబట్టి ఎవరో ఊరూపేరూ తెలియనివాడి ఫోన్‌లోని వైరస్ చేసిన పనికి మన షిప్పింగ్ అబ్బాయికి మెయిల్ ఆగిపోవచ్చు. ఆఫీసుకి స్టాటిక్ ఐపీ (మారని ఐపీ) తీసుకుని దాన్ని ఇగ్నోర్‌ఐపీ అనే మినహాయింపుల జాబితాలో పెట్టాను. స్టాటిక్ ఐపీ లేనివాళ్లు అక్కడ మారే ఐపీని వెంటాడే డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు కూడా రాయొచ్చు, తీసుకుంటుంది. నిషేధం ఎత్తేసే కమాండుని ఒక కాగితం మీద రాసి గుమస్తాగారి టేబుల్ అద్దం కింద పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు కమాండులంటే భయం లేదు, టాలీలో షార్ట్‌కట్‌లన్నీ బట్టీపట్టిన మనిషి.

నిషేధం పడ్డ ప్రతిసారీ హూయిజ్ వివరాలతో (ఆ ఐపీ ఎవరిదో చెప్పేవి) సహా మెయిల్ పంపే యాక్షన్ ఒకటుంది. దాన్ని ఆన్ చేయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. వద్దు. మొదటి రోజు ముచ్చటగా ఉంటుంది, రెండో రోజు ఆ మెయిల్స్ అన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి తోసే రూల్ పెడతారు, మూడో రోజు నుంచి ఆ ఫోల్డర్ ఎవరూ తెరవరు. నేను పెట్టుకున్నది లాగ్‌వాచ్. అది రోజుకి ఒక్కసారి పొద్దున్నే, నిన్నటి లెక్కంతా ఒక్క మెయిల్‌లో ఇస్తుంది. కాఫీ తాగుతూ చదువుకోవచ్చు.

మంచి మాటలు ఇంతవరకు. అసలు లోటు ఇప్పుడు.

ఈమధ్య వచ్చే దాడులు ఒకే ఐపీ నుంచి కావు. వందల ఐపీలు, ఒక్కోటీ ఒకటి రెండు ప్రయత్నాలు, మధ్యలో గంటల తరబడి విరామం. పది నిమిషాల్లో ఐదు తప్పులు అనే లెక్కకి ఇవి ఎప్పటికీ చిక్కవు. గడువుని ఒక రోజుకి పెంచి, తప్పుల సంఖ్యని మూడుకి తగ్గిస్తే కొన్ని దొరుకుతాయి, వాటితో పాటు మన వాళ్లూ దొరుకుతారు. రౌండ్‌క్యూబ్‌లో దీనికి కొంచెం మందు ఉంది: లాగిన్ రేట్ లిమిట్. నిమిషానికి మూడు తప్పులు దాటితే తర్వాతి ప్రయత్నాన్ని తోసేస్తుంది. అది వెబ్‌మెయిల్‌కే, ఐమ్యాప్‌కి కాదు.

దీనికన్నా పెద్దది ఇంకోటి. ఫెయిల్‌టుబ్యాన్ చూసేది తప్పుల్నే. సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడు దానికి కనిపించడు. దొంగ తాళంచెవితో వస్తే సలాం కొట్టి లోపలికి పంపే గూర్ఖా అన్నమాట. పాస్‌వర్డ్ ఊహించి వచ్చాడా, ఫిషింగ్ పేజీలో, అంటే నకిలీ లాగిన్ పేజీలో, కొట్టించుకుని వచ్చాడా, ఇంకెక్కడో లీకైన పాస్‌వర్డ్‌నే ఇక్కడా వాడుతున్నారని తెలిసి వచ్చాడా, దానికి అనవసరం. ఒక్క తప్పు కూడా లేకుండా మొదటి ప్రయత్నంలోనే లోపలికి వస్తాడు. ఇది నేను కనిపెట్టిన విషయం కాదు, ప్రాజెక్టు వాళ్లే తమ రీడ్‌మీలో రాసుకున్నారు: తప్పు ప్రయత్నాల జోరు తగ్గిస్తుంది కానీ బలహీనమైన పాస్‌వర్డ్ వల్ల వచ్చే ప్రమాదాన్ని తీసేయదు అని. ఇన్‌స్టాల్ చేసేవాళ్లలో అది చదివేదెందరు? మన ఆఫీసుల్లో పాస్‌వర్డ్ అంటే కంపెనీ పేరు, ఎట్ గుర్తు, 123. కొత్త సంవత్సరం వస్తే 123 స్థానంలో ఆ సంవత్సరం. దీన్ని కొట్టడానికి ఐదు ప్రయత్నాలు కూడా అక్కర్లేదు.

లోపలికి వచ్చినవాడు వెంటనే అల్లరి చేస్తే బాగుండు, దొరికిపోతాడు. ఎగుమతి వ్యాపారాల మీద కన్నేసేవాడు చప్పుడు చేయడు. మెయిల్స్ చదువుతాడు. ఏ కొనుగోలుదారు ఎప్పుడు డబ్బు పంపబోతున్నాడో చూసుకుంటాడు. సరిగ్గా ఆ సమయానికి, అదే మెయిల్ వరసలో, అదే ఇన్‌వాయిస్‌లో బ్యాంకు ఖాతా నంబరు మార్చి పంపుతాడు. "ఆడిట్ వల్ల పాత ఖాతా ఆగింది" అని రెండు ముక్కలు జోడిస్తాడు. కొనుగోలుదారు నుంచి వచ్చే జవాబులు మనకి కనపడకుండా తనకే వెళ్లేలా మెయిల్ ఫిల్టర్ పెడతాడు. రౌండ్‌క్యూబ్‌లో అలాంటి ఫిల్టర్లు పెట్టే మేనేజ్‌సీవ్ ప్లగిన్ ఉంటే ఇది నాలుగు క్లిక్కుల పని. ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ ఫిల్టర్ పోదు. అది సర్వర్‌లో సీవ్ ఫైల్‌గా (ఫిల్టర్ నియమాల ఫైల్) కూర్చుని, వచ్చిన ఆ జవాబుల్ని బయటికి పంపుతూనే ఉంటుంది.

అందుకే నేను లాగ్‌లో వెతికేది తప్పు లాగిన్‌లను కాదు, ఒప్పు లాగిన్‌లను. రౌండ్‌క్యూబ్‌లో లాగ్-లాగిన్స్ అనే సెట్టింగ్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే యూజర్‌లాగిన్స్ అనే లాగ్‌లో ఎవరు ఏ ఐపీ నుంచి వచ్చారో పడుతుంది. డవ్‌కాట్‌లో ఇది మామూలుగానే ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి, ఒక్కో ఖాతాకి ఇంతకుముందు ఎప్పుడూ చూడని నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయితే నాకు మెసేజ్ పంపే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. పెద్ద విద్య ఏమీ లేదు, పాత ఐపీ రేంజ్‌ల జాబితా ఒకటి, కొత్తది వస్తే అరుపు. దాంతో పాటు సీవ్ ఫైల్ ఏదైనా మారితే ఇంకో మెసేజ్. ఈ రెండు మెసేజ్‌లు ఇచ్చే నిశ్చింత ఫెయిల్‌టుబ్యాన్ నిషేధించిన ఐపీల జాబితా ఎంత పొడుగున్నా ఇవ్వదు.

అరుపులన్నీ దొంగలవే కాదు. ఒకసారి బాబాయ్ ఖాతాకి బంగ్లాదేశ్ ఐపీ నుంచి లాగిన్ అని మెసేజ్ వచ్చింది. ఫోన్ చేశాను.

"బాబాయ్, నువ్వు ఢాకాలోనే ఉన్నావా?"

"నిన్ననే కదరా చెప్పి వచ్చాను. పార్టీ ఆఫీసులో కూర్చున్నా. ఏమైంది?"

"ఏం లేదు. వాళ్ల కంప్యూటర్‌లో మన మెయిల్ తెరిచావా?"

"ఆ... ఇన్‌వాయిస్ ప్రింటు తీద్దామని."

ఎదుటి పార్టీ ఆఫీసు కంప్యూటర్‌లో మన పాస్‌వర్డ్ కొట్టకూడదని పెద్దాయనకి ఫోన్‌లో ఎలా చెప్తాం? ఊరొచ్చాక చెప్పాను. ఆ ఖాతా పాస్‌వర్డ్ మాత్రం ఆ సాయంత్రమే మార్చేశాను. డవ్‌కాట్‌లో డవ్అడ్మ్ కిక్ అనే కమాండు ఉంది, పాస్‌వర్డ్ మార్చాక అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లను తెంపేస్తుంది. మార్చడం ఒక్కటే చేసి ఇది మర్చిపోతే, లోపల ఉన్నవాడు కాసేపు లోపలే ఉంటాడు.

లోపలికి వచ్చాక ఏమవుతుందనేదానికి 2025 జూన్‌లో రౌండ్‌క్యూబ్ వాళ్లే ఒక పాఠం చూపించారు. సీవీఈ-2025-49113 అనే లోపం బయటపడింది. దాదాపు పదేళ్లుగా కోడ్‌లో ఉందట. లాగిన్ అయిన మామూలు యూజర్ ఎవరైనా దాని సాయంతో సర్వర్ మీద తన సొంత కోడ్ నడిపించుకోవచ్చు. 1.6.11, 1.5.10 వెర్షన్లలో సరిచేశారు. చూడండి, లాగిన్ అయి ఉండాలి, అదొక్కటే షరతు. ఏ గోడౌన్ ఖాతానో, ఎవరూ వాడని "టెస్ట్" ఖాతానో చాలు, మొత్తం సర్వర్ చేతికొస్తుంది. ఆ వారం మా దగ్గర చేసిన మొదటి పని అప్‌డేట్, రెండోది వాడని ఖాతాలన్నీ మూసేయడం. వెళ్లిపోయిన ఉద్యోగుల ఖాతాలు ఎన్ని బతికున్నాయో మీరూ ఒకసారి చూసుకోండి.

టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టొచ్చు కదా అంటే, రౌండ్‌క్యూబ్‌కి బయటివాళ్లు రాసిన ప్లగిన్లు ఉన్నాయి. బ్రౌజర్‌లో ఓటీపీ అడుగుతాయి. ఐమ్యాప్ మాత్రం ఒట్టి పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. దొంగ బ్రౌజర్ వాడాలని రూలేం లేదు కదా. మా దగ్గర ఫోన్‌లో మెయిల్ యాప్ అక్కర్లేని ఖాతాలకి ఐమ్యాప్‌ని బయటి నుంచి ఆపేశాను, వెబ్‌మెయిల్ ఒక్కటే దారి. బాబాయ్‌కీ షిప్పింగ్ వాళ్లకీ అది కుదరలేదు.

లాగ్‌ల విషయంలో చట్టం కూడా ఒకటుంది, చిన్న వ్యాపారాల్లో ఎవరూ మాట్లాడరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు కూడా తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన గమనించిన ఆరు గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి. చిన్న సంస్థలకి అదే ఏడాది సెప్టెంబర్ 25 వరకు గడువిచ్చారు, అదీ ఎప్పుడో అయిపోయింది. పాత లాగ్ ఫైళ్లను తీసేసే లాగ్‌రొటేట్ మామూలు పద్ధతి ఏమో వారానికి ఒక ఫైల్, నాలుగు ఫైళ్లు, తర్వాత పాతది చెత్తబుట్టలోకి. జర్నల్ అయితే డిస్కులో దానికిచ్చిన జాగా నిండితే పాతవి తీసేస్తుంది. రెండు నెలల తర్వాత కొనుగోలుదారు ఫోన్ చేసి "మీరు చెప్పిన కొత్త ఖాతాకే కదా పంపాం" అంటే చూపించడానికి ఏముంటుంది? గడువు పెంచండి, కంప్రెస్ చేస్తే లాగ్‌లు ఎంతో జాగా తినవు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే ప్రతి లైన్‌కీ ఐదున్నర గంటలు కలుపుకోవాలన్నది మర్చిపోకండి. రాత్రి తొమ్మిదిన్నరకి మన గుమస్తాగారే చేసిన లాగిన్ లాగ్‌లో సాయంత్రం నాలుగుగా కనిపిస్తుంది, తెల్లవారుజామున మూడింటికి వచ్చిన దొంగ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి పనిచేసుకునే ఉద్యోగిలా కనిపిస్తాడు. ఒకవేళ డబ్బు పోయిందని తెలిస్తే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే బ్యాంకు ఖాతాలో డబ్బు ఆపడానికి అంత అవకాశం.

నా మార్కులు: చేస్తానన్న పనికి ఐదుకి నాలుగున్నర. ఇన్‌స్టాల్‌లో విసిగించినందుకు అర తగ్గించాను. సెట్టింగ్ ఫైళ్ల లోపల వివరణలు బాగానే రాశారు, కానీ వెబ్‌మెయిల్ వెనక 127.0.0.1 కనిపించే సంగతి మొదటిసారి పెట్టేవాళ్లకి ఎక్కడా ముందే ఎదురుపడదు. చిన్న సర్వర్‌కి బరువు కాదు, మా దాంట్లో నడుస్తున్నట్టే తెలియదు. "మెయిల్ భద్రత" అనే పనికి మార్కులడిగితే రెండు కూడా ఇవ్వను. తప్పు దానిది కాదు, మనం దాని మీద పెట్టుకున్న ఆశది. లాగ్ చదివే మనిషి ఆఫీసులో ఒక్కరూ లేకపోతే మాత్రం సొంత మెయిల్ సర్వర్ ఆలోచనే వద్దు. మనిషికి ఇంత అని కట్టి పెద్ద కంపెనీ మెయిల్ తీసుకోండి. మా బాబాయ్ వినకపోయినా మీరు వినండి.

క్రౌడ్‌సెక్ అని ఇంకోటి చాలామంది చెప్తున్నారు. ఫ్రాన్స్ వాళ్లది, ఇదీ ఓపెన్ సోర్సే. ఒకరి సర్వర్ మీద దొరికిన దొంగ ఐపీని వాడేవాళ్లందరికీ పంచుతుంది కాబట్టి, ఒక్కో ఐపీ ఒక్కోసారి మాత్రమే తట్టే దాడులకి ఇది మెరుగ్గా ఉండాలి. ఆపే పనిని బౌన్సర్ అనే వేరే ముక్క చేస్తుంది, అదీ విడిగా పెట్టుకోవాలి. పక్కన ఒక టెస్ట్ సర్వర్ మీద ఎక్కించి చూస్తున్నాను. అసలు సర్వర్ మీదకి మాత్రం ఇప్పుడే తేను. కొత్త పంట యార్డుకి వస్తోంది, రోజూ ఇన్‌వాయిస్‌లు పోతున్నాయి. సీజన్‌లో మెయిల్ ఒక్క గంట ఆగినా బాబాయ్ ఊరుకోడు.